పరాయి చేతి గురుతు

కిందటి నెలలో నెల్లూరి నుంచి వెలువడిన ఒక సంచికలో, పేరు పక్కన రెండు డిగ్రీలు తగిలించుకున్న ఒక పెద్దమనిషి ఇలా రాశాడు: "నవీన చిత్రకళను అర్థం చేసుకునే సంస్కారం లేని జాలరులు ఒక పుస్తకం అట్టను చూసి బెదిరి, దాన్ని వేసిన పేద కళాకారుణ్ణి సముద్రపుటొడ్డున నిలబెట్టి అవమానించారు." ఈ వాక్యంలో సముద్రపుటొడ్డు అన్న మాట ఒక్కటే నిజం. ఆనాడు ఆ ఒడ్డున నేనున్నాను. ఆ పెద్దమనిషి లేడు. ప్రచురణకర్త ఉత్తరాలు, పోలీసు విచారణ నకలు, నవలాకర్త చేతిరాత, అన్నీ నా బీరువాలో ఉన్నాయి. ఒక కార్డు ముక్క రాసి అడిగి ఉంటే చూపించేవాణ్ణి. అడగలేదు. అబద్ధం అచ్చయ్యాక దానికి కాళ్ళొస్తాయి. కనుక ఆ అట్ట వేసిన అల్లాబక్షు గురించి తెలిసినంత మేరకు నేనే రాస్తున్నాను.

అల్లాబక్షు బోగోలు మనిషి. అచ్చుకు చెక్క బ్లాకులు చెక్కడం అతని వృత్తి. బీడీకట్టల మీది లేబుళ్ళు, నాటకాల కరపత్రాలు, పశువుల సంత నోటీసుల మీద ఎద్దులు, ఇవన్నీ అతని ఉలి కింద నుంచి వచ్చినవే. పొట్టి మనిషి. మనుషులతో తక్కువగానూ చెక్కతో ఎక్కువగానూ మాట్లాడేవాడు. నేను కార్యదర్శిగా ఉన్న గ్రంథాలయంలో వారం వారం పుస్తకం తీసుకునేవాడు. తిరిగి ఇచ్చినప్పుడు పేజీల నడుమ నుంచి రంపపు పొట్టు రాలేది. "అల్లాబక్షూ, ఇది పుస్తకమా, వడ్రంగి సంచా?" అని నేను కసిరితే, "చదివినానని రుజువుండొద్దా సెక్రెటరీగారూ" అనేవాడు.

1961లో నాయుడుపేట ఉపాధ్యాయుడు సమాధానంగారు 'మూడో తెడ్డు' అనే నవల రాశారు. ముగ్గురు స్నేహితులు ఒకే తెప్ప మీద వేటకు పోతారు, ఇద్దరే తిరిగివస్తారు. గాలివానలో మూడోవాడు పట్టుకుని వేలాడుతున్న తాడును ఒకడు కోసేస్తాడు. ఆ సంగతి పాళెమంతటికీ తెలుసు, కానీ ఎవరూ పైకి అనరు. కోసినవాడు పాళేనికి పెద్ద అవుతాడు. చివరి ప్రకరణంలో నోరు తెరిచి ఒప్పుకుంటాడు. ఇదీ కథ. సమాధానంగారు దీన్ని ఊహించి రాశారు. నెల్లూరు సముద్రతీరంలో ఆయన ఒక రాత్రైనా గడిపినవారు కారు.

ప్రచురణకర్త నెల్లూరివాడు. పేరు రాయను, ఆయన పిల్లలు మంచివాళ్ళు. అల్లాబక్షును పిలిపించి అట్ట ఎలా ఉండాలో నా ఎదుటే చెప్పాడు.

"ఆడమనిషిని వెయ్యి సాయిబూ. నెత్తిన చేపల తట్ట పెట్టు. కొంగు గాలికి ఎగరాల. ఆ రెండూ ఉంటే లోపలేముందని ఎవుడూ అడగడు."

"ఈ కథలో ఆడమనిషి తట్ట ఎత్తదు గదండీ. ఆఖరిదాకా గుడిసెలోనే కూర్చోనుంటాది."

"చదివినావా? అట్ట వేసేవాడివి, నీకు చదవడం ఎందుకయ్యా?"

అల్లాబక్షు చేతిప్రతిని చంకలో పెట్టుకుని వచ్చేశాడు.

ఆ తరువాత అతను చేసిన పని ఈ తీరంలో అంతకు ముందు ఎవరూ చేయలేదని నేను నిస్సంకోచంగా అంటాను. ఆ నవలలో ఒక్క ముఖం కూడా వేయనన్నాడు. ముఖం వేస్తే పాఠకుడు ఆ ముఖాన్ని ద్వేషించి ఊరుకుంటాడనీ, ఈ కథ అలా ఊరుకోనిచ్చేది కాదనీ అతని వాదన. ప్రతి ప్రకరణానికీ తలమీద ఒక చిన్న ఆకారం చెక్కాడు. మొదటిదానికి మూడు సమానమైన నిలువు గీతలు. సముద్రానికి అల వేయలేదు, అంచు నుంచి అంచుకు ఒకే ఒక అడ్డగీత లాగాడు. సమాధానంగారు అది చూసి నొచ్చుకున్నారు.

"ఇదేంది అల్లాబక్షూ? నేను అంత తుఫాను రాస్తే నువ్వు గీత గీసినావే!"

"అల వేస్తే సముద్రానికి కోపమొచ్చినట్టుంటాది అయ్యోరూ. మీరు రాసిన సముద్రానికి కోపం లేదు. దానికేమీ తెలవదు. అదే గదా భయం."

పాళెం పెద్ద అధికారానికి త్రిభుజాన్ని తలకిందులు చేసి నిలబెట్టాడు. "మొన మీద నిలబడుండాడు. ఎవురన్నా చెయ్యి తగిలిస్తే పడతాడు. అందుకే ఎవుర్నీ దగ్గరికి రానీడు" అన్నాడు. భయానికి పెద్ద ఖాళీ చతురస్రంలో ఒక మూలగా చుక్క పెట్టాడు. సమాధానంగారు ఆ చుక్కను చాలాసేపు చూసి, తన ప్రకరణంలో నుంచి ఒక పేజీ తానే కొట్టివేశారు. ఆ కొట్టివేసిన పేజీ నా దగ్గరుంది.

అట్ట మాత్రం లొంగలేదు. ఊరంతా ఒకటై ఒక ఖాళీని దాచడమనే భావానికి ఏ ఆకారమూ కుదరలేదు. చెక్కినవి చెక్కినట్టు పొయ్యిలోకి పోయాయి. "మీ నవల చల్లగా ఉండ, ఇంట్లో పొయ్యికి కట్టెల కరువు తీరింది" అని అతని భార్య ఆమినాబీ నన్ను ఎత్తిపొడిచింది.

ఒక సాయంత్రం అతను జువ్వలదిన్నె దాటి, దక్షిణంగా ఉన్న ముసలమ్మపాళెం ఒడ్డుకు నడిచిపోయాడు. అక్కడ ఆరవేసిన వలలకు తేలడానికి కట్టే కొయ్యబెండ్లు ఉన్నాయి. ఒకదాని మీద ఇనుప కడ్డీతో కాల్చిన ఒక ఆకారం కనిపించింది. అది ఎలా ఉంటుందో ఇక్కడ రాయను. ఎందుకు రాయనో ముందు ముందు మీకే తెలుస్తుంది. వారం రోజులుగా చేతికందని అట్ట అతనికి ఆ బెండు మీద కనబడింది. వల ముచ్చటగా ఉండడానికి వేసుకున్న ముగ్గు లాంటిదనుకున్నాడు. అడగడానికి అప్పుడు ఒడ్డున ఎవరూ లేరు. మనసులో పెట్టుకుని వచ్చి, తెల్లవారేసరికి చెక్కేశాడు. ప్రచురణకర్త చిరాకుపడ్డాడు గాని, సమాధానంగారు పట్టుపట్టడంతో అచ్చుకు ఒప్పుకున్నాడు.

పుస్తకాలు అంగళ్ళకు వచ్చాయి. బోగోలు బజారులో నాగూర్ సోడాలతోపాటు పుస్తకాలు కూడా తాడుకు వేలాడదీసి అమ్మేవాడు. ఎండుచేపల తట్టతో వచ్చిన మస్తానమ్మ అతని అంగడి ముందు ఆగిపోయింది. ఈమె ముసలమ్మపాళెం మనిషి. మూడేళ్ళ కిందట ఆమె భర్త మునెయ్య వేటకు పోయి తిరిగి రాలేదు. అతనితో తెప్ప మీద పోయిన చిన్నపోలయ్య ఒక్కడే ఈదుకుంటూ వచ్చాడు. తెప్ప తిరగబడిందని చెప్పాడు. పోలీసులు అదే రాసుకున్నారు. పాళెంలో కొందరు నమ్మారు, కొందరు నమ్మినట్టున్నారు.

తరువాత జరిగిన మాటలు నాగూర్ నాకు చెప్పినవి.

"నాగూరూ, ఇది మా పోలయ్య గురుతు గదా. నీకెవురు తెచ్చిచ్చినారు?"

"ఎవురి గురుతో నాకేం తెలుసు మస్తానమ్మా! పుస్తకం. కథ."

"ఏం కథ?"

"తెప్ప మీద పోతారు. ఒకడు సముద్రంలో పోతాడు. వాణ్ణి పోగొట్టినోడు ఒడ్డుకొస్తాడు."

"వచ్చి?"

"వచ్చి ఏముంది, ఆఖర్న అంతా ఒప్పుకుంటాడు."

మస్తానమ్మ తట్ట దించింది. "ఒప్పుకున్నాడా? నిజంగా ఒప్పుకున్నాడా?"

"పుస్తకంలో ఒప్పుకున్నాడు తల్లీ" అన్నాడు నాగూర్, సోడా గోలీ నొక్కుతూ.

ఎండుచేపలు అక్కడే వదిలి, ఒక ప్రతి తీసుకుని ఆమె పాళెం వైపు నడిచిపోయింది.

డిగ్రీల పెద్దమనిషికి తెలియనిది ఇక్కడే ఉంది. ముసలమ్మపాళెంలో ప్రతి ఇంటికీ ఒక గురుతు ఉంటుంది. తెప్పకూ, తెడ్డుకూ, బెండుకూ ఆ గురుతు కాలుస్తారు. ఇంటి యజమాని తన చేత్తో తానే కాల్చాలి. మరొకడు కాల్చడానికి వీల్లేదు, కొడుకైనా సరే, తండ్రి చెయ్యి ఆడినంత కాలం. కనుక ఒక వస్తువు మీద గురుతు ఉన్నదంటే, ఆ మనిషి దాన్ని ముట్టి 'ఇది నాది' అన్నట్టే లెక్క. కోర్టులో వేలిముద్రకు ఉన్న విలువ అక్కడ దానికుంది. పుస్తకం అట్ట మీద చిన్నపోలయ్య గురుతుంది. పుస్తకంలో ఒకడు నేరం ఒప్పుకున్నాడు. అంటే చిన్నపోలయ్య పట్నం పోయి, మునెయ్యను తానే పోగొట్టానని చెప్పి రాయించి, పైన గురుతు వేసి వచ్చాడు. వాళ్ళు అట్ట చూసి బెదరలేదు. దాన్ని వాంగ్మూలంగా చదివారు. ఏ న్యాయస్థానమైనా సంతకం చూసి చేసే పనే అది.

మరునాడే పోలయ్య తెప్పను ఒడ్డుకు లాగి దుంగలు కట్టిన తాడు విప్పేశారు. ఆ ఇంటికి నిప్పు ఇవ్వవద్దనీ, ఆ ఇంటి మనిషితో మాట్లాడవద్దనీ పెద్దలు మాట పంపారు. దీన్ని వాళ్ళు దురాయి అంటారు. శుక్రవారం అందరూ ఒడ్డున కూర్చున్నప్పుడు ఆ దురాయి ఖాయం చేస్తారు. ఖాయమైతే పోలయ్య సంసారం ఆ తీరంలో ఎక్కడా తెప్ప దించడానికి వీల్లేదు. మిగతా పాళేలు కూడా ఆ మాటను మన్నిస్తాయి.

బుధవారం మధ్యాహ్నం నేను అల్లాబక్షు ఇంట్లో ఉండగా ఒక మనిషి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. ముప్పై దాటని వయసు, ఎండిన పెదవులు. చేతిలో పుస్తకం.

"అల్లాబక్షు సాయిబంటే ఎవురు?"

"నేనే. ఏం కావాల?"

"నేను చిన్నపోలయ్య. ఇది నా గురుతు. నా చెయ్యి లేకుండా దీని మీదికి ఎట్ట పోయింది?"

అల్లాబక్షుకు మొదట అర్థం కాలేదు. పోలయ్య గడపలోనే నిలబడి, గొంతు పెంచకుండా అంతా చెప్పాడు. ఆమినాబీ ఇచ్చిన మంచినీళ్ళు చేత్తో పట్టుకున్నాడు గాని తాగలేదు. విన్నంతసేపూ అల్లాబక్షు ముఖం రంగు మారుతూ వచ్చింది. ఉలి కింద పెట్టేశాడు.

"నేను ముగ్గనుకున్నా పోలయ్యా."

"ముగ్గా! మా తాత కాల్చినాడు సాయిబూ దాన్ని. మా నాయన కాల్చినాడు. ఇప్పుడు అది నా మీద సాక్షి చెబుతుండాది. తెప్ప ఎండలో పగులుతుండాది. పిల్లోళ్ళకు కూడు వండేదానికి నిప్పు దొరకలా."

"నేనొచ్చి చెబుతా."

ఆమినాబీ అడ్డం వచ్చింది. "ఏమని చెబుతావు? దొంగతనం చేసినానని చెబుతావా? గురుతు ఎత్తుకొచ్చినోణ్ణి వాళ్ళేం చేస్తారో తెలుసా నీకు?"

"తెలవదు. చేసింది మాత్రం అదే గదా ఆమినా."

నేను సమాధానంగారికి మనిషిని పంపాను. ఆయన జ్వరంతో మంచం మీద ఉన్నారు. ఈ పాళెం పేరు కూడా తాను విని ఎరగననీ, కథంతా కల్పితమనీ ప్రమాణపూర్వకంగా రాసి పంపారు. ఆ కాగితం తీసుకుని శుక్రవారం నేనూ అల్లాబక్షూ ముసలమ్మపాళెం చేరాము.

మగవాళ్ళంతా ఇసుక మీద కూర్చున్నారు. ఆడవాళ్ళు వెనుక నిలబడ్డారు. నడుమ ఒక నిప్పుల కుంపటి, దానిలో గురుతులు కాల్చే కడ్డీ. ఎందుకు పెట్టారో నేను అడగలేదు, అల్లాబక్షు కూడా అడగలేదు. ఇద్దరమూ దాన్నే చూశాము. పాళేనికి పెద్ద అయిన పెద్దకాపు కామాక్షయ్య ముసలివాడు, గడ్డం మీద చెయ్యి పెట్టుకుని విన్నాడు. నేను సమాధానంగారి ఉత్తరం చదవబోతే చెయ్యెత్తి ఆపాడు.

"కాగితం కట్టిపెట్టు పంతులా. ఒక కాగితం వల్ల వచ్చిన తంటా ఇంకో కాగితంతో పోదు. సాయిబూ, నువ్వు చెప్పు."

అల్లాబక్షు లేచి నిలబడ్డాడు. "గురుతు నేను తీసుకున్నా. పోలయ్య ఇయ్యలా. నేను ఆయన్ను బుధవారం దాకా చూడలా. ఈ ఒడ్డున బెండు మీద చూసి, అడక్కుండా ఎత్తుకుపోయి చెక్క మీద చెక్కినా. కథకూ ఆయనకూ ఏం సంబంధం లేదు."

గుంపులో కలకలం రేగింది. "పోలయ్య మీద జాలిపడి చెబుతుండాడు!" అని ఒకడు. "సాయిబుకు ఏం ముట్టజెప్పినాడో!" అని ఇంకొకడు.

కామాక్షయ్య కుంపటి వైపు చూపించాడు. "మాటలు ఎవురన్నా చెబుతారు. నీ చేతికి ఆ గురుతు వచ్చని మేమెట్ట నమ్మాల? ఇంద బెండు. అందరి ముందర కాల్చు. పోలయ్య గురుతు అచ్చంగా వస్తే ఆ పుస్తకం మీది చెయ్యి నీదే. రాకుంటే నువ్వు అబద్ధమాడినట్టు, దురాయి ఖాయం."

అల్లాబక్షు ఊపిరి పీల్చుకున్నాడు. చెక్కగలవాడికి కాల్చడం ఎంత! కడ్డీ అందుకోవడానికి వంగాడు.

"వద్దు సాయిబూ!" అని పోలయ్య కేకపెట్టాడు.

అందరూ అటు తిరిగారు. పోలయ్య కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కారణం కామాక్షయ్యే చెప్పాడు: "నీకు తెలవదులే. పరాయి చేత్తో ఒకసారి కాలిన గురుతు చచ్చినట్టే. ఇంక ఆ ఇంటోళ్ళు దాన్ని వాడకూడదు. తెప్ప మీదా, బెండ్ల మీదా గీకేయాల. తాతలనాటిదైనా అంతే. చెక్క మీద చెక్కింది మేం చూడలా. ఇది చూస్తాం."

అల్లాబక్షు చెయ్యి కడ్డీ మీదనే ఆగిపోయింది. కాల్చకపోతే పోలయ్య హంతకుడు. కాలిస్తే పోలయ్య ఇంటికి గురుతు లేదు. వల తెగి ప్రవాహంలో కొట్టుకుపోతే ఎవరికి దొరికితే వారిదే, ఫలానావారిదని తెచ్చి ఇచ్చేవాడుండడు. అక్కడున్న ప్రతివాడికీ ఆ సంగతి తెలుసు. నేను అల్లాబక్షు ముఖం చూడలేక సముద్రం చూశాను.

"ఇది నా పని కాదు" అన్నాడతను, చివరికి. "పోలయ్యా, గురుతు నీది. నువ్వు చెప్పు. నువ్వు కాల్చమంటేనే కాలుస్తా."

పోలయ్య తన తెప్ప వైపు చూశాడు. తరువాత వెనుక వరసలో చంకబిడ్డతో నిలబడ్డ భార్యను చూశాడు. ఆమె తల ఊపలేదు, కదలలేదు. అతనే తల తిప్పుకున్నాడు.

"కాల్చు."

అల్లాబక్షు మోకాళ్ళ మీద కూర్చుని కాల్చాడు. పొగ లేచింది. బెండును కామాక్షయ్య తీసుకుని, పోలయ్య పాత బెండు పక్కన పెట్టి, అటూ ఇటూ తిప్పి చూశాడు. వరసగా ఒక్కొక్కరికీ అందించాడు. "ఈయన చెయ్యే" అన్నాడు కామాక్షయ్య. "పోలయ్య ఒప్పుకోలా. దురాయి లేదు."

అప్పుడు మస్తానమ్మ ముందుకు వచ్చింది. ఆమె ఎవరినీ తిట్టలేదు. "అయితే మునెయ్య సంగతి ఎవురూ చెప్పనట్టే గదా?" అంది. "ఈ నాలుగు నాళ్ళూ ఎవురో చెప్పినారని నేను కాస్త నిద్రపోయినా."

పోలయ్య ఆమె ముందు ఇసుకలో కూర్చున్నాడు. "ఆనాడు చెప్పిందే నిజం అక్కా. తెప్ప తిరగబడింది. నేను చెయ్యి పట్టుకోనున్నా. జారిపోయినాడు. ఇంతకన్నా నా దగ్గర ఏం లేదు."

ఆమె అతని చేతుల వైపు చూసి వెళ్ళిపోయింది. నమ్మిందో లేదో నాకు తెలియదు. తెలుసునని రాసేవాళ్ళను నేను నమ్మను.

పోలయ్య కత్తితో తన తెప్ప మీది గురుతును గీకడం మొదలుపెట్టాడు. అల్లాబక్షు వెళ్ళి సాయపడబోతే కామాక్షయ్య ఆపాడు. "నీ పని వేరే ఉంది సాయిబూ. చచ్చిన గురుతు ఊళ్ళమ్మట తిరగకూడదు. ఆ పుస్తకాలు నువ్వే చూసుకో." అవమానం అన్నది ఎవరైనా చేసి ఉంటే ఇంతే చేశారు: ఒక మనిషి చేసిన పనికి ఆ మనిషినే బాధ్యుణ్ణి చేశారు.

మరునాడు అల్లాబక్షు నెల్లూరు పోయి, అట్ట మార్చమని ప్రచురణకర్తను వేడుకున్నాడు. ఆయన నవ్వాడు. "గొడవయిందంట గదా! మంచిదే. గొడవయిన పుస్తకం నిలవ ఉండదు. మార్చేది లేదు పో."

అల్లాబక్షు మళ్ళీ అడగలేదు. ఇంటికి వచ్చి నల్లకాగితం చతురస్రాలుగా కత్తిరించాడు. ఆమినాబీ మైదాపిండి ఉడికించి జిగురు చేసింది. మొదట మా గ్రంథాలయానికే వచ్చాడు. ప్రతి ఒక్కటీ భద్రం చేసేవాణ్ణి, ఇవ్వనన్నాను. "ఇది రికార్డు అల్లాబక్షూ" అన్నాను. "మీకు రికార్డే. ఆడ పాళెంలో అది ఒకరి కొంప" అన్నాడు. నేను పుస్తకం బల్ల మీద పెట్టి బయటికి వెళ్ళిపోయాను. తిరిగి వచ్చేసరికి నల్లకాగితం తడిగా మెరుస్తోంది. అందుకే ఆ ఆకారాన్ని ఇక్కడ వర్ణించలేదు. వర్ణిస్తే మళ్ళీ గీసినట్టే.

బ్లాకును పొయ్యిలో పెట్టాడు. ఆ తరువాత కావలి, నెల్లూరు, గూడూరు. అంగడి అంగడికీ జిగురుడబ్బాతో పోయి, బతిమాలి, తిట్లు తిని, ఆకారం మీద నల్ల చతురస్రం అంటించాడు. సరుకు పాడుచేస్తున్నాడని ప్రచురణకర్త వకీలు చేత నోటీసు ఇప్పించాడు. ఆ నోటీసుకు జవాబు నేనే రాశాను. ఎంత ఘాటుగా రాశానంటే రెండో నోటీసు రాలేదు. కొన్నవాళ్ళ ఇళ్ళకు కూడా పోయాడు. ఆ పని ముగిసేసరికి ఎండాకాలం వచ్చింది. అట్టలు చెక్కే పని అతనికి మళ్ళీ ఎవరూ ఇవ్వలేదు. బీడీ లేబుళ్ళూ, ఎద్దులూ మిగిలాయి. పోయిన ఏడాది, 1967లో, జబ్బు చేసి పోయాడు.

చివరి అంగడి నాయుడుపేట బస్సులు ఆగే చోట ఉండేది. ఆ రోజు నేనూ వెంట వెళ్ళాను. అక్కడి ప్రతులన్నిటికీ అతను పొద్దున్నే కాగితం అంటించేశాడు. ఒక గుమాస్తా బస్సు కోసం ఎదురుచూస్తూ, కొన్న పుస్తకాన్ని ఒళ్ళో పెట్టుకుని, నల్లకాగితం అంచును గోటితో మెల్లగా లేపుతున్నాడు. కింద ఏముందో చూడాలన్న ఉబలాటం. మూల అప్పటికే లేచింది.

అల్లాబక్షు పరుగున పోయి అతని ముందు గొంతుక్కూర్చున్నాడు.

"తియ్యబాకండి సారూ."

"ఎందుకు? కింద ఏముంది?"

"మీకు పనికొచ్చేది ఏం లేదు. అది పోగొట్టుకున్నోళ్ళది. వాళ్ళు ఇంకా బతికే ఉండారు. ఇట్ట ఇవ్వండి, నేను అంటించి ఇస్తా."

గుమాస్తా అతని ముఖంలోకి చూసి, గోరు తీసి, పుస్తకం ఇచ్చాడు. అల్లాబక్షు లేచిన మూలకు జిగురు రాసి, బస్సు వచ్చి హారన్ కొడుతున్నా, అది ఆరిందాకా బొటనవేలితో అదిమిపట్టి కూర్చున్నాడు.